తిరుపతిలో పవర్ కళ్ళద్దాలు కొనాలంటే: ఖర్చు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కళ్ళద్దాల దుకాణంలో అడుగుపెట్టగానే అందరి చూపూ ఫ్రేముల మీదే పడుతుంది. బిల్లు పెరిగేది మాత్రం ఎక్కువగా లెన్సుల దగ్గర. అద్దాలు కంటికి హాయిగా ఉంటాయా లేదా అన్నది ఈ రెండింటికన్నా ముందు, కంటి పరీక్ష ఎంత జాగ్రత్తగా చేశారు, అద్దాన్ని కంటిపాపకు సరిగా ఎదురుగా బిగించారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ పనికి దగ్గరగా ఉన్నవాణ్ణి కాబట్టి తిరుపతి, చిత్తూరు వైపు జనం తరచుగా అడిగేవాటికి తెలిసినంతలో సూటిగా జవాబులు రాస్తున్నాను. ధరలు దుకాణాన్ని బట్టి మారతాయి. ఇక్కడ ఇచ్చినవి బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి పనికొచ్చే స్థూలమైన అంచనాలు.

మామూలు పవర్ అద్దాలకు ఎంత పెట్టుకోవాలి?

దూరానికో దగ్గరికో ఒకే పవర్ ఉన్న అద్దాలైతే, ఫ్రేమ్, లెన్సులు కలిపి రూ.1,000 నుంచి రూ.2,500 లోపు మంచి జోడు వస్తుంది. పూత లేని సాదా ప్లాస్టిక్ లెన్సుల జత రూ.300 నుంచి రూ.600, మెరుపు తగ్గించే యాంటీగ్లేర్ పూత ఉన్నవి రూ.800 నుంచి రూ.1,500, ఎస్సిలార్, జైస్ లాంటి పేరున్న కంపెనీలవి అంతకు పైన ఉంటాయి. మిగిలింది ఫ్రేమ్. పవర్ మూడు, నాలుగు లోపు ఉన్నవారికి ఇంతకన్నా ఎక్కువ పెట్టాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. ఎవరైనా మొదటి మాటలోనే రూ.6,000 అంటే, దేనికెంతో విడివిడిగా రాసివ్వమని అడగండి.

దుకాణంలో పరీక్ష ఉచితం కదా, డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళాలి?

దుకాణంలో చేసేది పవర్ పరీక్ష. చదువుకున్న ఆప్టోమెట్రిస్ట్ తీరిగ్గా చేస్తే అది నమ్మదగిందే. కంప్యూటర్ యంత్రంలోకి చూడమని, అందులోంచి వచ్చిన కాగితాన్నే చీటీగా ఇచ్చేస్తే మాత్రం ఒప్పుకోకండి. యంత్రం చెప్పేది ఒక అంచనా. ఆ తరువాత ట్రయల్ ఫ్రేమ్ పెట్టి, ఒక్కో కంటికీ అద్దాలు మార్చుతూ, ‘ఇది బాగుందా, అది బాగుందా’ అని అడిగి అక్షరాలు చదివించాలి. పవర్ ఖరారయ్యేది అప్పుడే.

నలభై దాటినవారు, షుగర్ ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా నీటికాసుల వ్యాధి (గ్లాకోమా) ఉన్నవారు, తొలిసారి అద్దాలు పెట్టుకోబోయే పిల్లలు కంటి డాక్టరుకు చూపించుకోవాలి. కంటి ఒత్తిడి పెరిగినా, షుగర్ వల్ల రెటీనా దెబ్బతింటున్నా మొదట్లో చూపులో ఏ తేడా తెలియదు. అద్దాలు మార్చుకుంటూ ఏళ్ళు గడిపేసి, చివరికి పోయిన చూపుతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కన్సల్టేషన్ ఫీజును అద్దాల ఖర్చులో భాగంగానే లెక్కేసుకోండి.

షుగర్ ఉంది. ఆరు నెలలకోసారి పవర్ మారిపోతోంది. ప్రతిసారీ కొనాల్సిందేనా?

ముందు షుగర్ అదుపులోకి రావాలి. రక్తంలో గ్లూకోజ్ బాగా పెరిగినప్పుడు కంటిలోపలి సహజ కటకం ఉబ్బి పవర్ మారుతుంది, తగ్గినప్పుడు మళ్ళీ కదులుతుంది. షుగర్ 350 ఉన్న రోజున పరీక్ష చేయించుకుని చేసుకున్న అద్దాలు, మందులు పనిచేసి అది 140కి దిగాక మసగ్గా కనిపిస్తాయి. దుకాణంవాడు తప్పు పవర్ ఇచ్చాడని గొడవ మొదలవుతుంది కానీ అక్కడ తప్పు ఎవరిదీ కాదు. కొన్ని వారాల పాటు షుగర్ నిలకడగా ఉన్నాకే పరీక్షకు వెళ్ళండి. పరీక్ష చేసేవారికి షుగర్ ఉందని మీరే ముందుగా చెప్పండి. ఈ ఒక్క జాగ్రత్తతో ఏడాదికి ఒక జత డబ్బు మిగిలిన ఇళ్ళు ఉన్నాయి.

శుక్లం ఆపరేషన్ తరువాత కూడా ఇంతే. కన్ను కుదుటపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆపరేషనైన వారానికే ఖరీదైన అద్దాలు చేయించవద్దు.

చీటీలో ఈ అంకెలన్నీ ఏమిటి?

కుడి కన్ను, ఎడమ కన్ను విడివిడిగా ఉంటాయి. ఎస్.పి.హెచ్. కింద మైనస్ ఉంటే దూరం సరిగా కనిపించడం లేదని అర్థం. ప్లస్ ఉంటే దీర్ఘదృష్టి. సి.వై.ఎల్. అంటే సిలిండర్ పవర్, కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనివారికి ఒక దిశలో మాత్రమే ఇచ్చే పవర్. దాన్ని ఏ కోణంలో బిగించాలో యాక్సిస్ చెబుతుంది, అది 1 నుంచి 180 మధ్యలో ఉంటుంది. యాడ్ అంటే చత్వారానికి దగ్గరి చూపు కోసం అదనంగా కలిపే పవర్.

ఒక విషయం చాలామందిని కంగారు పెడుతుంది. ఒక చోట ‘మైనస్ 1.00, సిలిండర్ మైనస్ 0.50, యాక్సిస్ 90’ అని రాస్తారు. ఇంకో చోట అదే కంటికి ‘మైనస్ 1.50, సిలిండర్ ప్లస్ 0.50, యాక్సిస్ 180’ అని వస్తుంది. రెండూ ఒకటే పవర్, రాసే పద్ధతులే వేరు. ఇది తెలియక మూడో చోటికి వెళ్ళి మళ్ళీ ఫీజు కట్టేవారున్నారు.

చీటీలో తరచుగా ఉండనిదీ, తప్పక అడిగి రాయించుకోవాల్సిందీ పీడీ. రెండు కంటిపాపల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో చెప్పే అంకె ఇది. పెద్దవాళ్ళలో ఎక్కువమందికి 54 నుంచి 74 మధ్యలో ఉంటుంది. చీటీ మీ సొత్తు. పరీక్ష చేసినవారు రాసివ్వకుండా ‘మా దగ్గరే చేయించుకోండి’ అంటే మర్యాదగానే గట్టిగా అడగండి. చేతికి వచ్చాక ఫోనులో ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

ఒకే రకంగా కనిపించే ఫ్రేమ్ ఒక చోట రూ.400, మరో చోట రూ.4,000 ఎందుకు?

కొంత తేడా సరుకుదే. సన్నని టైటానియం ఫ్రేమ్ తేలిక, చెమటకు తుప్పు పట్టదు. మంచి అసిటేట్ (ఒక రకం ప్లాస్టిక్) ఫ్రేమ్‌ను వేడిచేసి ముఖానికి తగ్గట్టు వంచుకోవచ్చు. చౌక లోహపు ఫ్రేమ్ మన ఎండాకాలపు చెమటకు చెవుల దగ్గర పచ్చబడి, కొందరికి దురద పెడుతుంది. కొంత తేడా పేరుది. రే-బాన్‌ను తయారుచేసే లక్సోటికా, లెన్సుల కంపెనీ ఎస్సిలార్ 2018లో ఒకటయ్యాయి. పెద్ద పేర్లు చాలావరకు కొద్ది చేతుల్లోనే ఉన్నాయన్నమాట. ఇంకొంత తేడా దుకాణం అద్దెది, ఏసీది, ప్రకటనలది.

నన్నడిగితే, రూ.700 నుంచి రూ.1,500 మధ్యలో స్ప్రింగు కీలు ఉన్న, ముక్కుమీద జారని ఫ్రేమ్ చాలు. డబ్బు మిగిలితే లెన్సు మీద పెట్టండి.

పవర్ ఎక్కువ. పలచని లెన్సు తీసుకోవాల్సిందేనని అంటున్నారు. నిజమేనా?

కొంతవరకే నిజం. దుకాణంలో వినిపించే 1.50, 1.56, 1.60, 1.67, 1.74 అన్న అంకెలు ఆ పదార్థం వెలుతురును ఎంత వంచుతుందో చెబుతాయి. అంకె పెరిగే కొద్దీ లెన్సు పలచబడుతుంది, ధర పెరుగుతుంది. 1.67 లెన్సుల జత సుమారు రూ.3,000 నుంచి మొదలవుతుంది.

చాలామంది చెప్పని మరో దారి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. ఫ్రేమ్ కొమ్మ, అంటే చెవి మీదికి వెళ్ళే కాడ, లోపలివైపు 50, 18, 140 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది వంతెన, మూడోది కొమ్మ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలోనే. మైనస్ పవర్ లెన్సు మధ్యలో పలచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. కాబట్టి అద్దం ఎంత వెడల్పైతే అంచు అంత లావు.

లెక్క చూడండి. పవర్ మైనస్ 6, పీడీ 62 అనుకుందాం. 50-18 ఫ్రేమ్‌లో సాదా 1.50 లెన్సు బయటి అంచు రమారమి 6.7 మిల్లీమీటర్లు వస్తుంది. అదే లెన్సును 46-18 ఫ్రేమ్‌లో బిగిస్తే 5.5కి దిగుతుంది. పెద్ద ఫ్రేమే కావాలని, 1.67 లెన్సుకు వేలు పోసినా వచ్చేది 5 దగ్గరే. అంటే నాలుగు మిల్లీమీటర్లు చిన్న ఫ్రేమ్ ఎంచుకోవడంతోనే ఆ ఖరీదైన లెన్సు ఇచ్చే లాభంలో ఎక్కువ భాగం ఊరికే దక్కుతుంది. ఫ్రేమ్ అద్దం వెడల్పు, వంతెన కలిపితే వచ్చే అంకె మీ పీడీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. గుండ్రటి, చిన్న, నిండు అంచు ఉన్న ఫ్రేమ్ మందాన్ని దాచేస్తుంది కూడా.

మైనస్ 3 లోపు ఉంటే 1.67 అడగనక్కరలేదు. మైనస్ 5 దాటితే 1.60, ఎనిమిది దాటితే 1.67 ఆలోచించవచ్చు. 1.67 తీసుకుంటే యాంటీగ్లేర్ తప్పనిసరి. అది సాదా లెన్సుకన్నా ఎక్కువ వెలుతురును అద్దంలా వెనక్కి కొడుతుంది.

యాంటీగ్లేర్, బ్లూ కట్, ఎండకు నల్లబడేవి... వీటిలో ఏవి అవసరం?

యాంటీగ్లేర్ పనికొచ్చేది. పూత లేని ప్లాస్టిక్ లెన్సు తన మీద పడిన వెలుతురులో దాదాపు 8 శాతాన్ని వెనక్కి తిప్పేస్తుంది. రాత్రిపూట రేణిగుంట రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీ దీపాల మెరుపులు ఆ పూతతో తగ్గుతాయి. పూత నిజంగా ఉందో లేదో ట్యూబులైటు కింద తెలుస్తుంది. పూత లేని లెన్సులో దీపం తెల్లగా, ప్రకాశంగా కనిపిస్తుంది. పూత ఉంటే పచ్చగానో ఊదాగానో మసగ్గా మెరుస్తుంది.

బ్లూ కట్‌కు అదనంగా డబ్బు పెట్టవద్దు. తెరల నీలి వెలుతురును కొంత అడ్డుకునే లెన్సు ఇది. కంప్యూటర్ ముందు కళ్ళు అలసిపోతాయని దీన్ని అమ్ముతారు. 2023లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ 17 పరిశోధనలను కలిపి పరిశీలిస్తే, మామూలు లెన్సులతో పోలిస్తే వీటివల్ల కంటి అలసట తగ్గినట్టు తేలలేదు. తెర ముందు రెప్పవేయడం తగ్గి కళ్ళు ఎండిపోవడమే అలసటకు ముఖ్య కారణం. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడడానికి ఖర్చేమీ లేదు. ఫీల్డులో తెలియక ఈ లెన్సులు అమ్మేవారూ ఉన్నారు, కాబట్టి వాదన పెట్టుకోకుండా ‘నాకు వద్దండీ’ అంటే సరిపోతుంది.

ఎండకు నల్లబడే ఫోటోక్రోమిక్ లెన్సులు బండి మీద, పొలంలో తిరిగేవారికి సౌకర్యమే. వేడి ఎక్కువైనప్పుడు ఇవి తక్కువ నల్లబడతాయని తెలిసి కొనండి. తిరుమల చలిలో బాగా నల్లబడినవి మే నెలలో కింద ఊళ్ళో అంతగా నల్లబడవు. కారు ముందు అద్దం అతినీలలోహిత కిరణాలను అడ్డుకోవడం వల్ల కారులో కూడా పెద్దగా పనిచేయవు.

నలభై దాటింది, చత్వారం వచ్చింది. రెడీమేడ్, బైఫోకల్, ప్రోగ్రెసివ్‌లలో ఏది కొనాలి?

దూరం బాగా కనిపిస్తూ, రెండు కళ్ళకూ ఒకే పవర్ ఉండి, సిలిండర్ లేకపోతే బస్టాండు దగ్గర దొరికే రూ.100, రూ.200 రెడీమేడ్ అద్దాలతో పేపరు చదువుకోవడంలో తప్పు లేదు. అవి కళ్ళను పాడుచేయవు. రెండు కళ్ళకూ తేడా ఉంటే మాత్రం తలనొప్పి తెస్తాయి. ఎలాగూ ఒకసారి డాక్టరుకు చూపించుకున్నాకే అవి కొనండి.

దూరానికీ పవర్ ఉంటే బైఫోకల్ లేదా ప్రోగ్రెసివ్. బైఫోకల్ జత రూ.600 నుంచి రూ.1,500లో వచ్చేస్తుంది. కింద చిన్న బిళ్ళ కనిపిస్తుంది, దూరం, దగ్గర రెండూ స్పష్టం. ప్రోగ్రెసివ్‌లో గీత ఉండదు, పైనుంచి కిందికి పవర్ క్రమంగా మారుతుంది. మధ్యదూరం, అంటే కంప్యూటర్, కొట్లో అల్మరా, వంటగట్టు కూడా కనిపిస్తాయి. ధర రూ.2,500 నుంచి మొదలై రూ.30,000 దాటుతుంది. ప్రోగ్రెసివ్ లెన్సుకు పక్కల కొంత మసక తప్పదు. ఎక్కువ డబ్బు పెట్టేకొద్దీ ఆ మసక తగ్గి, స్పష్టంగా కనిపించే దారి వెడల్పవుతుంది. రోజంతా కంప్యూటర్ ముందుండే ఉద్యోగికి మధ్యరకం, రూ.6,000 నుంచి రూ.10,000 వరకూ న్యాయమైన ఖర్చు. ఇంట్లో ఉండి, భాగవతం చదువుకుని, సాయంత్రం గుడికి వెళ్ళివచ్చే పెద్దలకు మంచి బైఫోకల్ చాలు. చౌకరకం ప్రోగ్రెసివ్ కన్నా అది ఎంతో నయం.

ప్రోగ్రెసివ్‌లో లెన్సు ఎంత ఖరీదైనదైనా కొలత తప్పితే దండగే. ఫ్రేమ్‌ను ముందు మీ ముఖానికి సరిచేసి పెట్టి, కొలిచే మనిషి మీ ఎదురుగా అదే ఎత్తులో కూర్చుని, డమ్మీ లెన్సు మీద కంటిపాపకు సరిగ్గా ఎదురుగా పెన్నుతో చుక్క పెట్టాలి. ఆ చుక్క నుంచి ఫ్రేమ్ కింది అంచు వరకూ ఎత్తు కొలవాలి. ఈ పని చేయకుండా ఆర్డరు రాసుకుంటుంటే ఆపండి. పాకాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన తొమ్మిది వేల ప్రోగ్రెసివ్ పెట్టుకుని కూడా పంచాంగం చదవలేక, ఒళ్ళో ఉన్న పుస్తకాన్ని గడ్డం పైకెత్తి చూస్తుండేవారు. ఫ్రేమ్ లోతు తక్కువ కావడంతో చదువుకునే భాగం దాదాపు అంతా కోతలో పోయింది. ప్రోగ్రెసివ్‌కు అద్దం ఎత్తు కనీసం 28, 30 మిల్లీమీటర్లు ఉన్న ఫ్రేమ్ తీసుకోవాలి.

అలవాటు కావడానికి ఒకటి, రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో అలిపిరి నడకదారికి వెళ్ళవద్దు. 3,550 మెట్లలో ఎక్కేటప్పుడు సరే, దిగేటప్పుడు కళ్ళు కిందికి వాలితే చదువుకునే భాగంలోంచి మెట్టు మసగ్గా, దగ్గరగా కనిపిస్తుంది. అలవాటయ్యాక కూడా దిగేటప్పుడు కళ్ళతో కాక తల వంచి చూడాలి. బైఫోకల్‌కూ ఇదే మాట.

పిల్లలకు ఎంతలో కొనాలి?

పిల్లల దగ్గర డబ్బు ఆదా చేయాల్సింది ఫ్రేమ్ మీద. పరీక్ష మీద, లెన్సు మీద కాదు. కళ్ళలో చుక్కల మందు వేసి చేసే పరీక్షే పిల్లలకు సరైన పవర్ చెబుతుంది. లెన్సు పాలికార్బొనేట్ అయితే బంతి తగిలినా సులువుగా పగలదు. రెండూ కలిపి రూ.1,500 నుంచి రూ.2,500 చాలు. ఏడాదిలోపే పవరో ముఖమో మారుతుంది కాబట్టి రూ.5,000 ఫ్రేమ్ పెట్టవద్దు.

ఒక కంటికే ఎక్కువ పవర్ ఉన్న పిల్లల విషయంలో ఆలస్యం ప్రమాదం. మసగ్గా ఉన్న కంటిని మెదడు వాడుకోవడం మానేస్తుంది. ఏడెనిమిదేళ్ళు దాటాక దాన్ని తిరిగి దారిలోకి తేవడం చాలా కష్టం. ‘ఆడపిల్ల, ఇప్పటి నుంచే అద్దాలా’ అని దాచిపెట్టే తల్లిదండ్రులు ఈ ఒక్క మాట వినాలి. అద్దాలు పెట్టుకుంటే పవర్ పెరుగుతుందన్నది నిజం కాదు. ఎదిగే వయసులో పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా పెరుగుతుంది. రోజూ కాసేపు ఆరుబయట ఆడుకోనివ్వడం మాత్రం మేలు చేస్తుంది.

ఉచితంగా, తక్కువ ధరకు ఎక్కడ దొరుకుతాయి?

రుయా ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది, పరీక్షకు ఖర్చు ఉండదు. తితిదే ఇచ్చిన స్థలంలో 2019 నుంచి నడుస్తున్న శ్రీ వేంకటేశ్వర అరవింద్ కంటి ఆసుపత్రిలో డబ్బు కట్టే విభాగంతో పాటు పేదలకు ఉచిత విభాగం కూడా ఉంది. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద బడి పిల్లలకు, చత్వారం వచ్చిన పేద పెద్దలకు ఉచిత అద్దాల ఏర్పాటు ఉంది. పిల్లలకైతే బడికి వచ్చే ఆరోగ్య బృందాన్ని, పెద్దలకైతే ఊళ్ళోని ఏఎన్ఎంను అడగండి. కంటి శిబిరం ఎప్పుడు ఎక్కడ ఉందో వాళ్ళకు తెలుస్తుంది.

చెన్నై, వేలూరు వెళ్ళి కొంటే చౌకా?

చూపించుకోవడానికి వెళ్ళడం వేరు. క్లిష్టమైన కంటి జబ్బులకు చెన్నైలోని శంకర నేత్రాలయకు, వేలూరు సీఎంసీ వారి షెల్ కంటి ఆసుపత్రికి మన జిల్లాలవారు ఎప్పటినుంచో వెళ్తున్నారు. అద్దాలు మాత్రం చీటీ తెచ్చుకుని దగ్గర్లో చేయించుకోండి. కొమ్మ వదులైనా, ముక్కు దగ్గర జారినా, పవర్ సరిపోక మార్చాల్సి వచ్చినా మళ్ళీ అంత దూరం పోవాలి. బస్సు చార్జీలతో మిగిలిందంతా పోతుంది.

ఆన్‌లైన్‌లో కొనవచ్చా?

ఒకే పవర్, మైనస్ 3 లోపు, సరైన పీడీ చేతిలో ఉంటే కొనవచ్చు. ఎక్కువ పవర్, ఎక్కువ సిలిండర్, ప్రోగ్రెసివ్, పిల్లల అద్దాలు వద్దు. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అన్నచోట కొన్నిసార్లు ఫ్రేమ్ మాత్రమే ఉచితం, రెండో జత లెన్సులకు మళ్ళీ బిల్లు పడుతుంది. చివరి మొత్తం చూశాకే డబ్బు కట్టండి.

పాత ఫ్రేమ్‌లో కొత్త లెన్సులు వేయిస్తారా?

వేస్తారు. ఫ్రేమ్ గట్టిగా ఉంటే అంతకన్నా మంచి ఆదా లేదు. బిగించేటప్పుడు విరిగితే బాధ్యత మాది కాదని ముందే అంటారు, పాత ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది కాబట్టి అది న్యాయమే.

బిల్లులో ఏమి చూడాలి? జీఎస్టీ ఎంత?

2025 సెప్టెంబరు 22 నుంచి పవర్ అద్దాలు, లెన్సులు, ఫ్రేముల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రూ.2,000 సరుకుకు రూ.240 బదులు రూ.100 పన్ను. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని మీద మళ్ళీ పన్ను వేయకూడదు. బిల్లులో ఫ్రేమ్ పేరు, ధర, లెన్సు కంపెనీ, రకం, 1.56 లాంటి అంకె, పూత, గ్యారంటీ విడిగా రాయించుకోండి. ‘స్పెక్టికల్స్ ఒకటి, రూ.4,500’ అని ఒక్క ముక్కతో ఉన్న బిల్లుతో రేపు ఏమీ అడగలేరు. పక్కా బిల్లు ఉండీ న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

అద్దాలు తీసుకునేటప్పుడు ఎలా సరిచూసుకోవాలి?

దుకాణంలో లెన్సోమీటర్ ఉంటుంది. అందులో పెట్టి పవర్ చూపించమని అడగండి, రెండు నిమిషాల పని. ఇంటి దగ్గర మీరే చూసుకోవాలంటే, అద్దాన్ని కొంత దూరంగా పట్టుకుని, దానిలోంచి తలుపు అంచును చూస్తూ పక్కలకు మెల్లగా కదపండి. మైనస్ అయితే అంచు అద్దం కదిలిన వైపే కదులుతుంది. ప్లస్ అయితే ఎదురు దిశలో కదులుతుంది. అద్దాన్ని గుండ్రంగా తిప్పినప్పుడు ఆ గీత వంకర పోతే సిలిండర్ ఉన్నట్టు. కుడి, ఎడమ తారుమారైతే ఇలా తరచుగా బయటపడుతుంది.

కంపెనీ ప్రోగ్రెసివ్‌కు డబ్బు కట్టి ఉంటే లెన్సు మీద నోటి ఆవిరి ఊది, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. సన్నగా చెక్కిన రెండు గుర్తులు కనిపిస్తాయి. కణతవైపు గుర్తు కింద యాడ్ పవర్, ఉదాహరణకు 2.00 అయితే 20 అని, ముక్కువైపు కంపెనీ గుర్తు ఉంటాయి. అవేవీ లేకపోతే బిల్లులో రాసిన లెన్సు అదేనా అని అక్కడికక్కడే అడగండి.

ఎన్నాళ్ళు వస్తాయి? పూత ఎందుకు పోతోంది?

పవర్ మారకపోతే రెండు, మూడేళ్ళు హాయిగా వస్తాయి. పూతను చంపేది మన ఎండ. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద, బండి డిక్కీలో పెడితే వేడికి లెన్సు వ్యాకోచిస్తుంది, పూత అంతగా సాగదు, సన్నని సాలెగూడు లాంటి పగుళ్ళు వస్తాయి. పంచెతో, చీర కొంగుతో పొడిగా తుడిస్తే దుమ్ము గీతలు పెడుతుంది. కుళాయి నీళ్ళ కింద పట్టి, గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేసి వేళ్ళతో రుద్ది కడిగి, మెత్తని గుడ్డతో అద్దండి. వేడినీళ్ళు వద్దు. ముక్కు దగ్గరి సిలికాన్ ప్యాడ్లు పచ్చబడితే చాలా దుకాణాల్లో నామమాత్రపు ధరకు మార్చి, స్క్రూలు బిగించి, ఫ్రేమ్ సరిచేసి ఇస్తారు.